ఏ జాతి పాటో చెప్పని పెట్టె: హ్యారీ స్మిత్ ఆంథాలజీ మీద నా రివ్యూ

బ్లూస్ (అమెరికా దక్షిణాది నల్లవాళ్ల పాటలు) వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగితే ఎవరైనా రాబర్ట్ జాన్సన్ పేరు చెప్తారు. జాజ్ అయితే మైల్స్ డేవిస్, ఫోక్ అయితే బాబ్ డిలన్. తప్పేం లేదు, ముగ్గురూ మహానుభావులే. నన్నడిగితే మాత్రం ముందు ఈ పెట్టె వినమంటాను: "ఆంథాలజీ ఆఫ్ అమెరికన్ ఫోక్ మ్యూజిక్". హ్యారీ స్మిత్ అనే ఆయన ఏరి కూర్చిన పాత అమెరికా పాటల సంకలనం ఇది. 1952లో ఫోక్‌వేస్ అనే రికార్డు కంపెనీ తెచ్చింది, 1997లో స్మిత్‌సోనియన్ ఫోక్‌వేస్ ఆరు సీడీల బాక్స్ సెట్‌గా మళ్లీ విడుదల చేసింది. మొత్తం 84 పాటలు. అన్నీ బాగుంటాయని చెప్పను, కొన్ని నాకు ఇప్పటికీ ఎక్కవు. కానీ బ్లూస్, ఫోక్, కంట్రీ అని మనం విడదీసి చెప్పుకునేవాటి మధ్య గీతలు ఎవరు గీశారో ఈ పెట్టె విన్నాకే నాకు అర్థమైంది.

ఈ పాటలేవీ స్మిత్ రికార్డు చేసినవి కావు. హ్యారీ స్మిత్ ప్రయోగాత్మక సినిమాలు తీసేవాడు, కాగితం విమానాలు కూడా ఏరి దాచుకునే రకం మనిషి. 1940లలో పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ ప్లేట్లు వేల లెక్కన పోగేశాడు. డబ్బు అవసరమై వాటిని అమ్ముదామని ఫోక్‌వేస్ యజమాని మోజెస్ ఆష్ దగ్గరికి వెళ్తే, అమ్మడం తర్వాత, ముందు వీటిలోంచి ఒక సంకలనం చెయ్యి అన్నాడట ఆయన. అప్పటికి స్మిత్‌కి ముప్పై ఏళ్లు కూడా లేవు. ఎంచుకున్నవి దాదాపు అన్నీ 1927-1932 మధ్య రికార్డులే. కరెంటు మైకులతో రికార్డింగ్ బాగుపడ్డ రోజుల నుంచి ఆర్థికమాంద్యం దెబ్బకి అమ్మకాలు పడిపోయేదాకా అన్నమాట. గుట్టుమాట ఏంటంటే, 1952లో అసలు కంపెనీల అనుమతులు సరిగ్గా తీసుకోకుండానే దీన్ని వేశారు.

ఇక అసలు సంగతి. 1920లలో రికార్డు కంపెనీలు నల్లవాళ్ల పాటల్ని "రేస్ రికార్డ్స్" అని ఒక వరసలో, తెల్ల పల్లెటూరి వాళ్ల పాటల్ని ఇంకో వరసలో అమ్మేవి. కొలంబియా కంపెనీలో మొదటి రకానికి 14000 నుంచి నంబర్లు, రెండో రకానికి 15000 నుంచి. కొనేవాళ్లు వేరు, ప్రకటనలు వేరు. పాడేవాళ్లు మాత్రం ఒకరి పాటలు ఒకరు వింటూనే ఉన్నారు, బాణీలు అటూ ఇటూ పోతూనే ఉన్నాయి. స్మిత్ ఏం చేశాడంటే ఆ విభజనని పూర్తిగా పక్కన పెట్టేశాడు. కథాగేయాలు, నలుగురూ కూడిన చోట వాయించేవి పాడేవి, మిగతా పాటలు అని మూడు భాగాలు చేసి, ఎవరు నల్లవాళ్లో ఎవరు తెల్లవాళ్లో ఎక్కడా రాయలేదు. దీంతో మిసిసిపి జాన్ హర్ట్‌ని చాలామంది కొండప్రాంతపు తెల్లాయన అనుకున్నారు. ఆయన గొంతు అంత మెత్తగా, గిటార్ అంత తీరిగ్గా ఉంటుంది మరి. ఆయన మిసిసిపి రాష్ట్రంలో ఆవలాన్ అనే పల్లెలో వ్యవసాయ పనులు చేసుకునే నల్లజాతి మనిషి. 1928లో రికార్డులు చేసి మళ్లీ పనుల్లో పడిపోయాడు. ఆయన పాటలో ఊరి పేరు ఉండటంతో దాన్ని పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లి 1963లో ఆయన్ని కలుసుకున్నారు. అదే ఏడాది న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్‌లో పాడాడు. మూడేళ్లకే, 1966లో పోయాడు.

నేను మళ్లీమళ్లీ పెట్టుకునేది జాన్ హెన్రీ పాటల జత. జాన్ హెన్రీ అంటే రైలు సొరంగం తవ్వకంలో ఆవిరి యంత్రంతో పోటీ పడి గెలిచి, చేతిలో సుత్తితోనే ప్రాణం వదిలిన కూలీ, అమెరికా జానపద వీరుడు. మొదటి భాగంలో విలియమ్సన్ బ్రదర్స్ అండ్ కరీ అనే తెల్లవాళ్ల జట్టు ఈ కథని ఫిడేలుతో పరుగులు పెట్టిస్తూ పాడుతుంది, వాళ్లకి అదొక వీరగాథ. అదే సుత్తి చివరి భాగంలో జాన్ హర్ట్ చేతికి వస్తుంది. ఆయన ఎవరినీ పొగడడు. ఈ సుత్తి జాన్ హెన్రీని చంపింది, నన్ను మాత్రం చంపలేదు, ఇదిగో తీసుకెళ్లి మీ మేస్త్రీకిచ్చి నేను వెళ్లిపోయానని చెప్పండి అంటాడు. అంతే. బొటనవేలు కింది తీగల మీద టక్ టక్ అని ఒకే నడకలో పోతుంటుంది, పై తీగల మీద మిగతా వేళ్లు పాటతో పాటే నడుస్తుంటాయి, గొంతు ఎక్కడా పెరగదు. వీరుడై చావడం కంటే పని మానేసి ఇంటికి పోవడం మేలు అని ఇంత మర్యాదగా చెప్పిన పాట నేనింకోటి వినలేదు. ఈ రెండూ వేరే వేరే కేటలాగుల్లో ఉండిపోయి ఉంటే పక్కపక్కన పెట్టి వినాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు.

పత్తి పురుగు మీద కూడా ఒక పాట ఉంది. బోల్ వీవిల్ అనే ఆ పురుగు అమెరికా దక్షిణాదిలో రైతుల్ని నిలువునా ముంచింది. గులాబీ రంగు పురుగు పేరు చెప్తే మన వరంగల్, గుంటూరు పత్తి రైతుల మొహాలు ఎలా మారతాయో తెలిసినవాళ్లకి ఆ పాటలో కోపం, వెటకారం వెంటనే తగుల్తాయి. లేబుల్ మీద గాయకుడి పేరు "మాస్క్‌డ్ మార్వెల్" అని ఉంటుంది. ఆయన మిసిసిపి బ్లూస్ గాయకుడు చార్లీ ప్యాటన్. 1929లో పారామౌంట్ కంపెనీ ఈ ముసుగు గాయకుడెవరో కనిపెడితే ఒక రికార్డు ఫ్రీ అని పోటీ పెట్టింది. మార్కెటింగ్ గిమ్మిక్కులు కొత్తవేం కాదు.

బుక్‌లెట్ గురించి చెప్పకపోతే పాపం తగుల్తుంది. స్మిత్ స్వయంగా తయారుచేసిన పాత పుస్తకాన్ని ఉన్నదున్నట్టు వేశారు. ప్రతి కథాగేయానికీ జిల్లా ఎడిషన్ హెడ్డింగ్ లాంటి సారాంశం ఉంటుంది. ఎలుకకీ కప్పకీ పెళ్లి, బంధువులు ఒప్పుకున్నారు అని ఒకటి. తల్లి వద్దన్నా వినకుండా రైలు బండిని బండరాయికి గుద్ది, ప్రేమించిన ఇంజన్‌తోనే పోయాడు అని ఇంకోటి. ఎంత దారుణమైన చావునైనా ఒకటే సీరియస్ మొహంతో చెప్తాడు, చదువుతుంటే నవ్వాగదు.

ఇప్పుడు లోపాలు. సౌండ్ విషయంలో ముందే మనసు సిద్ధం చేసుకోండి. 1997లో శ్రద్ధగానే శుభ్రం చేశారు గానీ అసలు ప్లేట్లే అరిగిపోయినవి, కొన్నిచోట్ల గరగర పాటతో సమానంగా వినపడుతుంది. హెడ్‌ఫోన్స్‌లో అయితే మరీ. రెండో భాగంలో ఫిడేలు పాటలు వరసగా వస్తాయి, అలవాటు లేని చెవికి అన్నీ ఒకేలా ఉంటాయి. ఆ తర్వాతి చర్చి ప్రసంగాల దగ్గర నాకు బోర్ కొట్టేది, ఇప్పటికీ ఒకటి రెండు దాటేస్తాను. అక్కడే దేవుడి పాటలు పాడే గుడ్డి గాయకుడు బ్లైండ్ విల్లీ జాన్సన్ ఉంటాడు కాబట్టి మొత్తం దాటేయకండి, ఆ గొంతు వింటే బండరాయి మీద బండరాయి రాసినట్టుంటుంది.

పెద్ద లోపం ఇంకోటుంది. జాజ్ దాదాపు లేదు. జగ్గులు ఊదే మెంఫిస్ జట్లు అంచుదాకా తీసుకెళ్తాయి గానీ లోపలికి కాదు. బెస్సీ స్మిత్ లాంటి స్టేజీ బ్లూస్ గాయనులు అసలే లేరు, పల్లె వాసన ఉంటేనే ఫోక్ అన్నది స్మిత్ పెట్టుకున్న గీత అనుకుంటాను. అన్ని గీతలూ చెరిపినవాడు ఇది మాత్రం ఎందుకు ఉంచాడో!

ఆ ఖాళీ మీరే పూడ్చుకోవాలి. 1930 జులైలో కంట్రీ గాయకుడు జిమ్మీ రోడ్జర్స్ హాలీవుడ్‌లో చేసిన తొమ్మిదో "బ్లూ యోడెల్" (యోడెల్ అంటే గొంతు ఉన్నట్టుండి పైకి విరిచి పాడటం) వెతికి వినండి. ట్రంపెట్ జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, పియానో లిల్ హార్డిన్, కానీ లేబుల్ మీద వాళ్ల పేర్లు వేయలేదు. తర్వాత లోనీ జాన్సన్, ఎడ్డీ లాంగ్ గిటార్ జంట. లోనీ బ్లూస్ మనిషి, ఆర్మ్‌స్ట్రాంగ్‌తోనూ ఇంకో జాజ్ దిగ్గజం డ్యూక్ ఎల్లింగ్టన్‌తోనూ వాయించాడు. లాంగ్ తెల్లజాతి జాజ్ గిటారిస్టు, ఈ జంట రికార్డుల మీద ఆయన పేరు "బ్లైండ్ విల్లీ డన్". నల్లవాళ్ల వరసలో అమ్ముడుపోవాలని పేరు మార్చేశారు.

బాక్స్ ధర బాగానే ఉంటుంది, దిగుమతి సుంకం కలిస్తే ఇంకా మంట. పైగా నాకు పార్సిల్ ఒక మూల సొట్టపోయి వచ్చింది, అమ్మినవాళ్లు సారీ చెప్పి ఊరుకున్నారు. అంత ఖర్చు వద్దనుకుంటే స్ట్రీమింగ్‌లో వినండి, బుక్‌లెట్ పీడీఎఫ్ స్మిత్‌సోనియన్ ఫోక్‌వేస్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఫోన్‌లో కాకుండా పెద్ద తెరలో తెరుచుకోండి. 2020లో డస్ట్-టు-డిజిటల్ అనే రికార్డు కంపెనీ వాళ్లు ఇవే రికార్డుల రెండోవైపు పాటలతో ఇంకో సెట్ తెచ్చారు, జాత్యహంకార మాటలున్న మూడింటిని తీసేసి. అది రెండో విడత పెట్టుకోండి. మొదటిసారికి మూడో భాగంతో మొదలుపెట్టి వెనక్కి రండి, అది చెవికి త్వరగా పడుతుంది. షఫుల్ మాత్రం ఆపేయండి, ఒకదాని వెనక ఏది రావాలో స్మిత్ తల బద్దలు కొట్టుకుని పేర్చాడు.