గుర్రపు ఎరువు కొనేముందు ఎండుగడ్డి ఎక్కడిదో అడగండి

ఇంగ్లండ్‌లో అలాట్‌మెంట్ (అద్దెకు దొరికే తోట స్థలం) తీసుకుని కూరగాయలు పండిస్తున్న మనవాళ్లందరికీ, గుర్రపు ఎరువులో మిగిలిపోయే కలుపు మందు గురించి ఈ హెచ్చరిక. అక్టోబరు వచ్చిందంటే అందరం ఎరువు కోసం తిరుగుతాం, అందుకే ఆగస్టు చివర్లోనే రాస్తున్నా.

మార్చిలో రెడింగ్ దగ్గర ఒక గుర్రపుశాల నుంచి రెండు టన్ను బస్తాల ఎరువు కొన్నాను. తెచ్చి దింపడంతో కలిపి 90 పౌండ్లు. బాగా మాగి, నల్లగా, పొడిపొడిగా ఉంది, పిడికిట్లోకి తీసుకుంటే వానపాములు. "కలుపు మందులు కొడతారా?" అని అడిగాను కూడా. "మేమేమీ కొట్టం" అన్నారు. అది నిజమే. కానీ గుర్రాలకు వేసే ఎండుగడ్డి బయట కొన్నది. ఆ సంగతి నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

జూన్ మధ్యలో టమాటా చిగుళ్లు పిడికిలి బిగించినట్టు లోపలికి చుట్టుకుపోయాయి. చిక్కుడు ఆకులు దొప్పల్లా పైకి ముడుచుకున్నాయి, ఈనెలన్నీ ఒకదాని పక్కన ఒకటి గీతల్లా తేలాయి. ఆకుముడత తెగులేమో అనుకుని వేపనూనె కొట్టాను. పది రోజులకు బతుకమ్మకని వేసిన బంతి, పక్కనున్న డాలియా కూడా అలాగే మెలితిరిగాయి. వీడియో కాల్‌లో మా బాపుకు చూపించాను. వరంగల్ దగ్గర నలభై ఏళ్లుగా పత్తి వేస్తున్న మనిషి. చూడంగనే అన్నడు: "ఇది తెగులు కాదు బిడ్డా, కలుపు మందు వడ్డది. పత్తికి 2,4-డి గాలి తగిలితే గిట్లనే ముడుసుకుంటది."

బాపు చెప్పింది అక్షరాలా నిజం, మందు పేరు ఒక్కటే వేరు. ఇక్కడ గడ్డి భూముల్లో థిసిల్, డాక్, నెటిల్ లాంటి కలుపు మొక్కల మీద కొట్టే అమినోపైరాలిడ్ అనే మందు గడ్డిలోకి ఎక్కి అక్కడే ఉండిపోతుంది. గడ్డి ఎండినా, గుర్రం తిని లద్దె వేసినా, ఆ లద్దె కుప్పలో మాగినా పోదు. మట్టిలో సూక్ష్మజీవులు లద్దెలోని గడ్డి పీచును కుళ్లబెట్టినప్పుడు విడుదలై వేళ్లకు అందుతుంది. 2008 వేసవిలో బ్రిటన్ అంతటా అలాట్‌మెంట్లు ఇలాగే దెబ్బతింటే జులైలో దీని అమ్మకం ఆపేశారు. తర్వాత షరతులతో మళ్లీ అనుమతించారు. ఈ మందు తగిలిన ఎరువు కూరగాయలకు వాడకూడదన్నది ఆ షరతుల్లో ఉంది. గడ్డి చేతులు మారేసరికి ఆ మాట మాత్రం గడ్డితో పాటు రాదు.

తెగులో మందో తేల్చుకోవాలంటే మడి మొత్తం చూడండి. నా మడిలో టమాటా, చిక్కుడు, బంతి మూడూ పది రోజుల తేడాలో ఒకేలా ముడుచుకున్నాయి. అదే ఎరువులో మక్కలు నా భుజం దాటి పెరిగి కంకులు పట్టాయి, క్యాబేజీ గట్టిగా చుట్టుకుంది. ఏ తెగులూ అలా ఎంచుకుని రాదు. ప్లాస్టిక్ కప్పిన టన్నెల్‌లో సంచుల్లో వేసిన గోంగూరకు వేరే మట్టి పోశాను, అది వారానికి రెండుసార్లు కోస్తున్నా తరగడం లేదు.

మీరు చేయాల్సింది ఇది. అమ్మేవాళ్లను "ఎండుగడ్డి ఎక్కడ కొన్నారు, ఆ పొలంలో ఏం కొట్టారు?" అని అడగండి. తెలియదంటే ఆ ఎరువు వద్దు. తెలుసన్నా సరే, మొత్తం దింపించుకోకముందే ఒక బకెట్టెడు తెచ్చుకోండి. మామూలు కంపోస్టులో కలిపి మూడు కుండీలు, కలపకుండా మూడు కుండీలు పెట్టి చిక్కుడు గింజలు వేయండి. కుండీల కింది నీళ్ల పళ్లేలు వేర్వేరుగా ఉండాలి, ఒక కుండీ నీళ్లు ఇంకో కుండీలోకి పోకూడదు. నాలుగు వారాలు ఆగండి. మొదటి రెండాకులు చూసి సంబరపడొద్దు, నాకు మూడో ఆకు దగ్గరే తేడా బయటపడింది.

ఇప్పటికే వేసేసినవాళ్లు ఆ మొక్కలను కంపోస్టు కుప్పలో వేయకండి, తోట చెత్త వేసే కౌన్సిల్ గ్రీన్ బిన్‌లో అసలే వద్దు. అక్కడి నుంచి ఇంకొకరి తోటకు పోతుంది. మిగిలిన ఎరువు ఎవరికీ ఇవ్వకండి. నేను పక్క ప్లాటు పెద్దాయనకు నాలుగు తోపుడు బండ్ల ఎరువు ప్రేమగా ఇచ్చాను, ఆయన స్వీట్ పీస్ పూల మొక్కలన్నీ పోయాయి. ఆ బాధ ఇంకా పోలేదు. మట్టిని నాలుగైదుసార్లు తిరగేసి గాలి ఆడనిస్తే మందు త్వరగా విరుగుతుంది. వచ్చే ఏడు ఆ మడిలో మక్కలు, క్యాబేజీ తప్ప వేరేవి వేయను, చిక్కుడు గింజతో మళ్లీ చూసుకున్నాకే మిగతావి.

గుర్రపుశాలవాళ్లు డబ్బు తిరిగి ఇవ్వలేదు. గోంగూర సంచుల పక్కన, గోంగూరకు పోసిన మట్టిలోనే వేసిన పదకొండు బంతి మొక్కలు బతికాయి, మొగ్గలు ఇప్పుడే కడుతున్నాయి. ఈసారి మా బతుకమ్మకు అవే.