ముందు లెవెలింగ్ కిట్, కింద 35లు: ఒక సెట్టు టైర్లు అరిగేదాకా నడిపాక

హెవీ డ్యూటీ పికప్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే ముందు కాస్త దిగి, వెనక లేచి ఉంటుంది. ట్రైలర్ తగిలించినా, వెనక బరువేసినా ఆ భాగం కుంగి బండి సమానంగా రావాలని ఆ ఏర్పాటు. ఖాళీగా తిరిగేటప్పుడు మాత్రం నేల వాసన చూస్తూ పోతున్నట్టు ఉంటుంది. నాకది మొదటినుంచీ నచ్చలేదు. ముందు భాగాన్ని వెనక ఎత్తుకి తెచ్చే లెవెలింగ్ కిట్‌తో ముందు 2 అంగుళాలు లేపి, 275/70ఆర్18 టైర్లు తీసేసి 285/75ఆర్18 వేయించాను. లెక్కకి ఇవి 34.8 అంగుళాలు, అందరూ 35లు అనేస్తారు. ఆ సెట్టు ఇప్పుడు చివరికొచ్చింది కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

నాది ముప్పావు టన్ను తరగతి డీజిల్ పికప్. ముందు సాలిడ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు, దాని మీద కాయిల్ స్ప్రింగులు. ఫోర్డ్ సూపర్ డ్యూటీ ఫోర్-వీల్ డ్రైవ్‌లో, ర్యామ్ 2500లో ఈ పద్ధతే. షెవ్రోలే 2500హెచ్‌డీకి ముందు టార్షన్ బార్లు (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉంటాయి, వాళ్ల లెక్క వేరు.

కిట్‌లో ఉండేది స్పేసర్, అంటే స్ప్రింగుకి ఎత్తు పెంచే దిమ్మ. అది పెట్టడం పెద్ద పనేం కాదు. స్ప్రింగు పాతదే కాబట్టి బండి గట్టిపడదు. పాత షాక్ అబ్జార్బర్లు అలాగే ఉంచితే మాత్రం, చక్రం గుంతలోకి దిగినప్పుడు వాటి పొడవు చాలక ఠక్కున కొడతాయి. నేను పొడవాటివి వేయించాను, ఆ శబ్దం ఎప్పుడూ వినలేదు.

అసలు సంగతంతా స్టీరింగ్‌లో ఉంది. ముందు యాక్సిల్‌ని పట్టుకునే రేడియస్ ఆర్మ్‌లు, బండి లేచేసరికి కిందికి వాలతాయి. వాటితోపాటు యాక్సిల్ కూడా కొంచెం తిరిగి క్యాస్టర్, అంటే ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం, తగ్గుతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రావడం, హైవే మీద బండి తిన్నగా పోవడం ఈ క్యాస్టర్ చలవే. రేడియస్ ఆర్మ్‌ల వెనక కొసని కిందికి దించి ఈ కోణాన్ని తిరిగి తెచ్చే డ్రాప్ బ్రాకెట్లు దొరుకుతాయి. కిట్ బిగించిన వర్క్‌షాప్ వాళ్లు "2 అంగుళాలకి బ్రాకెట్లు అక్కర్లేదు" అన్నారు. అలైన్‌మెంట్ కాగితం మీద అన్నీ పచ్చరంగులోనే, అంటే పరిమితి లోపలే ఉన్నాయి. కానీ రోడ్డెక్కితే బండి లేన్‌లో నిలవదు. స్టీరింగ్‌ని అటు కాస్త, ఇటు కాస్త దిద్దుతూనే ఉండాలి. పక్క నుంచి పెద్ద ట్రక్కు దాటితే ఒకటే టెన్షన్. కాగితం మళ్లీ తీసి రంగు వదిలేసి అంకె చూశాను. క్యాస్టర్ 2 డిగ్రీలకి కాస్త పైన, అంటే పచ్చగీత అడుగున వేలాడుతోంది. రేడియస్ ఆర్మ్ డ్రాప్ బ్రాకెట్లు పెట్టించాక 4 దాటింది. అదే బండి, అవే టైర్లు, ఇప్పుడు గాలిలో కూడా తిన్నగా పోతుంది. లెవెలింగ్ చేయిస్తే నడక పాడవుతుందని తిట్టుకునేవాళ్లలో చాలామందికి కావాల్సింది ఈ బ్రాకెట్లేనని నా అనుమానం.

ఇంకోటి ట్రాక్ బార్, అంటే యాక్సిల్ పక్కకి జరగకుండా ఫ్రేమ్‌కి పట్టి ఉంచే అడ్డ కడ్డీ. బండి లేస్తే అది యాక్సిల్‌ని ఒక పక్కకి జరుపుతుంది. నా బండికి ఫెండర్ అంచు నుంచి టైరు దాకా టేపు పెడితే రెండు వైపులకీ పావు అంగుళం తేడా వచ్చింది. కంటికి ఆనదు, నడకలో తెలియదు. అందుకే అడ్జస్టబుల్ ట్రాక్ బార్ జోలికి పోలేదు. కానీ దాని బోల్టులు బండి బరువు చక్రాల మీద ఉండగానే బిగించాలి. జాకీ మీద బిగిస్తే రబ్బరు బుష్ మెలిపడి తొందరగా పోతుంది. వదులైన ట్రాక్ బార్, అరిగిన బాల్ జాయింట్లు, బ్యాలెన్స్ తప్పిన పెద్ద టైర్లు కలిస్తే వచ్చేదే డెత్ వాబుల్, అంటే ముందు చక్రాలు, స్టీరింగ్ అదుపు లేకుండా ఊగిపోవడం. నాకు రాలేదు. టైర్లు రొటేట్ చేసినప్పుడల్లా ఆ బోల్టులు మాత్రం చూస్తాను.

టైర్ల దగ్గర సైజు కంటే లోడ్ అంకె ముఖ్యం. 285/75ఆర్18 లోడ్ రేంజ్ ‘ఈ’ (బరువు మోసే టైర్ల తరగతి)లో లోడ్ ఇండెక్స్ 129 వస్తుంది, అంటే ఒక్కో టైరు 1850 కిలోలు మోస్తుంది. చూడ్డానికి ఇంకా బలిష్ఠంగా ఉండే 35x12.50ఆర్18లో సాధారణంగా 123 ఉంటుంది, అది 1550 కిలోలే. బండి కొన్నదే బరువు లాగడానికైతే ఆ వెడల్పు టైరు ఎందుకో నాకర్థం కాదు. 285 సన్నటిది కాబట్టి నాకు పాత చక్రాలే సరిపోయాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ చేసినప్పుడు మాత్రం కొత్తలో గరగరమనేది. వంగి చూస్తే రేడియస్ ఆర్మ్ మీద అరచేయంత మేర నల్ల పెయింట్ పోయి ఇనుము మెరుస్తోంది. టైరు భుజం దిమ్మలు అరిగాక అదే ఆగిపోయింది.

వ్యాసం 5 శాతం పెరిగింది. సెట్టింగ్ మార్చకపోతే మీటర్ 60 చూపిస్తుంటే మీరు 63లో పోతున్నట్టు. మైళ్లు కూడా తక్కువ పడతాయి కాబట్టి మైలేజీ ఉన్నదానికంటే ఘోరంగా కనిపిస్తుంది. దిద్ది లెక్కేసినా ఖాళీ బండికి గ్యాలన్‌కి మైలు పైనే పోయింది. 3.55 యాక్సిల్ రేషియో (చక్రం ఒకసారి తిరగడానికి డ్రైవ్‌షాఫ్ట్ తిరిగే చుట్లు) ఇప్పుడు 3.38 ఉన్నట్టు పనిచేస్తుంది. చదును రోడ్డు మీద డీజిల్ టార్క్ దాన్ని కప్పేస్తుంది, ట్రైలర్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు ఒక గేరు కిందే ఉంటుంది. బ్రేక్ మీద కూడా కాలు కొంచెం ముందే పడాలి.

ట్రైలర్ తగిలిస్తే ఇప్పుడు వెనక కుంగి ముక్కు లేస్తుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి పోతాయి. ఖాళీగా ఉన్నప్పుడు లైట్లు దించుకున్నా ఇది తీరదు. వెనక ఎయిర్ బ్యాగులు పెట్టించి, బరువుని బట్టి గాలి నింపుతున్నాను. అవి స్ప్రింగుకి ఊతమే, కంపెనీ చెప్పిన లోడ్ పరిమితిని అవి పెంచవు. వారం వారం బరువు లాగేవాళ్లయితే ముందు లేపకుండా ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయడమే మేలు.

స్టెప్నీ కూడా అదే సైజు కొన్నాను. చిన్నదేసి ఫోర్-వీల్ డ్రైవ్‌లో నడిపితే డ్రైవ్‌లైన్ మీద భారం పడుతుంది. తర్వాతి సెట్టు కూడా 285/75ఆర్18నే. ఈసారి ఇంత మొరటు ట్రెడ్ కాకుండా, హైవే మీద హోరు తక్కువుండే ఆల్-టెరైన్ చూస్తున్నాను.