పది వేల డౌన్‌లోడ్లు తెప్పిస్తామని ఫోన్ వస్తే, దయచేసి యాప్‌ను ఫ్రీ చేసేయకండి

ప్లే స్టోర్‌లో చిన్న యాప్ పెట్టుకుని అమ్ముకుంటున్న వాళ్లు ఇది తప్పకుండా చదవండి. నాకు డబ్బు పోయింది. అంతకన్నా ఎక్కువ బాధ ఏమిటంటే, వెనక్కి తీసుకోలేని పని ఒకటి నా చేతే చేయించారు.

నాది పాల కేంద్రాల లెక్కల యాప్. ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, ఫ్యాట్ ఎంత వచ్చింది ఎక్కిస్తే చాలు, పదిహేను రోజుల బిల్లు అదే వేసి పెడుతుంది. అంతా తెలుగులోనే. రేటు రూ.49, ఒక్కసారి కడితే సరిపోతుంది. ఏడు నెలల్లో 63 మంది కొన్నారు. తక్కువే, కానీ చాలామంది రెండు పూటలా వాడేవాళ్లు.

ఒకరోజు ఒక ప్రమోషన్ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. "సార్, రేటు పెడితే ఎవరు దించుకుంటారు? ముందు ఫ్రీ చెయ్యండి. నెలలో పది వేల డౌన్‌లోడ్లు మా బాధ్యత. ర్యాంకు పెరిగాక మళ్లీ 49 పెట్టుకోవచ్చు" అన్నాడు. వాళ్ల ఫీజు జీఎస్టీతో కలిపి రూ.18,000. గూగుల్ 15 శాతం పట్టుకున్నాక నాకు ఒక్కో అమ్మకం మీద మిగిలేది రూ.41.65. అంటే ఆ డబ్బు తిరిగి రావాలంటేనే 430 మందికి పైగా కొనాలి. ఈ లెక్క డబ్బు పంపకముందు వేసుకోవాల్సింది, పంపాక వేసుకున్నాను.

ధర మార్చేటప్పుడు ప్లే కన్సోల్ (యాప్ పెట్టేవాళ్లు దాన్ని నడుపుకునే గూగుల్ సైట్) హెచ్చరించింది: ఒకసారి ఫ్రీ చేస్తే ఈ యాప్‌కి మళ్లీ ధర పెట్టడం కుదరదని. అనుమానం వచ్చి అతనికే ఫోన్ చేశాను. "అది అందరికీ వచ్చే మెసేజే సార్, ఓకే కొట్టండి" అన్నాడు. కొట్టేశాను. ఆ మెసేజ్ అక్షరాలా నిజం. మళ్లీ ధర పెట్టాలంటే కొత్త ప్యాకేజీ పేరుతో (స్టోర్ యాప్‌ను గుర్తుపట్టే పేరు) వేరే యాప్‌గా ఎక్కించాల్సిందే, పాత రేటింగులు, పాత కస్టమర్లు దానికి రారు. లేదంటే ఈ ఫ్రీ యాప్‌లోనే కొన్ని సౌకర్యాలకు లోపల డబ్బు తీసుకునేలా మార్చుకోవాలి. అప్పుడు ముందే 49 కట్టిన వాళ్లను మళ్లీ కట్టమని ఏ మొహంతో అడగను?

డౌన్‌లోడ్లు మాత్రం వచ్చాయి. మూడు రోజుల్లో నాలుగు వేలు దాటాయి. సంతోషంతో రివ్యూలు తెరిచి చూస్తే, ఒకాయన ఇంగ్లీషులో "గేమ్ చాలా బాగుంది, లెవెల్స్ ఇంకా పెంచండి" అని ఐదు నక్షత్రాలు ఇచ్చాడు. పాల లెక్కల యాప్‌లో లెవెల్స్ ఏముంటాయి? దేశాల వారీగా చూస్తే సగానికి పైగా మన దేశం నుంచే కాదు. వారం తిరిగేసరికి దాదాపు అందరూ తీసేశారు. ఇలా డబ్బిచ్చి ఇన్‌స్టాళ్లు, రేటింగులు తెప్పించడం గూగుల్ నిబంధనలకే విరుద్ధం. యాప్‌ను స్టోర్ నుంచి తీసేసే హక్కు వాళ్లకుంది. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ పోలేదు.

ఇంతలో పాల కేంద్రం నడిపే ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "బాబూ, నేను డబ్బు కట్టి కొన్నది పక్కూరి వాళ్లకు ఊరికే వచ్చిందంట, నిజమేనా?" అని అడిగారు. కోపంగా కూడా అడగలేదు. ఏం చెప్పాలో తెలియక కాసేపు అలాగే ఉండిపోయాను.

కంపెనీ వాళ్లిచ్చిన బిల్లు అప్పుడు తీసి చూశాను. జీఎస్టీ వసూలు చేశారు గానీ దాని మీద జీఎస్టీ నంబరే లేదు. డబ్బు పంపకముందే నంబరు అడిగి జీఎస్టీ పోర్టల్‌లో వెతికి చూసుకోండి, ఎవరైనా చూడొచ్చు. రేటు తగ్గించి చూడాలనుకుంటే కన్సోల్‌లోనే కొన్ని రోజుల సేల్ పెట్టుకోవచ్చు, గడువు అయ్యాక పాత ధర దానంతట అదే వస్తుంది. నలుగురికి ఉచితంగా ఇవ్వాలంటే ప్రోమో కోడ్‌లు ఉన్నాయి. ఈ రెండూ అతను ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఇప్పుడు కొత్త యాప్ సిద్ధం చేస్తున్నాను. పాత కస్టమర్లలో నంబరు ఉన్న వాళ్లందరికీ ఫోన్ చేసి, అది రాగానే ఉచితంగా తీసుకునేలా ప్రోమో కోడ్ ఇస్తానని చెబుతున్నాను.

ఇప్పటికే ఇలాంటి వాళ్లకు డబ్బు కట్టి, యాప్ ఇంకా ఫ్రీ చేయని వాళ్లుంటే అక్కడే ఆగిపోండి. వాళ్లు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆ ఓకే బటన్ జోలికి వెళ్లకండి.