పాత పుస్తకాలు ఆన్‌లైన్‌లో అమ్మడం: కొన్నేళ్ళ వాడకం తర్వాత నా సమీక్ష

కొత్తవాటితో పాటు పాత పుస్తకాలూ అమ్మనిచ్చే ఒక పెద్ద సైటు, చుట్టుపక్కల వాళ్ళకి కనిపించే క్లాసిఫైడ్ యాప్, ఫేస్‌బుక్, వాట్సాప్‌లలో పుస్తకప్రియుల గ్రూపులు. ఈ మూడూ కొన్నేళ్ళుగా వాడాను. చేతిలో ఉన్నది పాత తెలుగు పుస్తకమైతే పెద్ద సైటు జోలికి పోవద్దనే చెప్తాను.

మొదటి అడ్డంకి ఐఎస్‌బీఎన్, అంటే ఒక్కో పుస్తకానికి గుర్తుగా ఇచ్చే అంతర్జాతీయ నంబరు. సైటులో ఆ నంబరు కొడితే పేరు, అట్ట బొమ్మ వాటంతట అవే వచ్చేస్తాయి. నేను అమ్మే మా మామగారి బీరువాలోవి ఎక్కువగా 1950, 60లలో బెజవాడలోనో మద్రాసులోనో అచ్చయినవి. 10 అంకెల ఐఎస్‌బీఎన్ ప్రమాణంగా వచ్చిందే 1970లో. ఆ తర్వాత కూడా చాలాకాలం మన తెలుగు పుస్తకాలు ఎన్నో ఆ నంబరు లేకుండానే వచ్చాయి. నంబరు లేకపోతే మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టుకోవాలి, అందులో ప్రచురణకర్త వివరాలు నింపాలి. ఎప్పుడో మూతపడిన సంస్థ గురించి ఏం నింపుతాం? వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, కాలికో గుడ్డతో బైండు చేయించిన సంపుటాల సంగతి మరీ అన్యాయం. కొన్ని సీరియళ్ళు తర్వాత పుస్తకంగా రానేలేదు. వచ్చినవాటిలో కూడా పత్రికలో వేసిన బొమ్మలు ఉండవు. వాటి విలువ తెలిసినవాళ్ళు ఏళ్ళ తరబడి వెతుకుతారు. సైటు లెక్కలో మాత్రం అది పుస్తకమే కాదు.

పుస్తకం ఎలా ఉందో చెప్పడానికి అక్కడ ఇచ్చేవి 'లైక్ న్యూ', 'గుడ్' లాంటి నాలుగు మాటలు. కాగితం పండి పెళుసెక్కింది గానీ ఒక్క పేజీ పోలేదు, మొదటి పేజీలో ఎవరిదో సంతకం ఉంది, చివర్లో పురుగు తొలిచింది, ఇవన్నీ కొనేవాళ్ళకి తెలియాలి కదా! నా ఫొటోలు కనబడవు, కొత్త ముద్రణ అట్టే కనబడుతుంది. 'బొమ్మలో ఉన్నట్టు లేదు' అని వెనక్కి పంపుతారు, వాళ్ళనీ తప్పు పట్టలేను. ఒకసారి నేను పంపిన ప్రతికి బదులు అదే పుస్తకం అట్ట ఊడిన ప్రతి తిరిగొచ్చింది. ఫొటోలతో ఫిర్యాదు చేసినా, ఒకే పుస్తకం కదా అని మూసేశారు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

డబ్బు సంగతీ అంతే. 150 రూపాయలకి అమ్మితే కమిషన్, ఫీజులు, షిప్పింగ్ పోను 40 కూడా చేతికి రాలేదు. కొరియర్ వాళ్ళు చాలామంది డబ్బా కొలతలు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. ఆ లెక్క, అసలు బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. పుస్తకం నలగకూడదని పెద్ద డబ్బాలో పెడితే ఖర్చు మనకే.

క్లాసిఫైడ్ యాప్ ఎంసెట్, గ్రూప్స్ పుస్తకాలకి బాగా పనికొస్తుంది. కోచింగులు మొదలయ్యే రోజుల్లో పెడితే దగ్గర్లోని పిల్లలే వచ్చి పట్టుకెళ్తారు. 'లాస్ట్ ఎంత' అని అడిగి మాయమైపోయేవాళ్ళని ఓర్చుకోవాలి. ఆర్మీలో ఉన్నామంటూ, అడ్వాన్సు వేస్తాం స్కాన్ చేయండంటూ క్యూఆర్ కోడ్ పంపేవాళ్ళతో మాత్రం మాటే వద్దు. డబ్బు రావడానికి మనం పిన్ కొట్టాల్సిన పని లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు అమ్ముతుంటే ఈ ఒక్కటీ తప్పకుండా చెప్పండి.

నాకు నచ్చింది గ్రూపులే. బైండు సంపుటం ఫొటో పెడితే, అది ఏ ఏడాది సీరియలో, బొమ్మలెవరివో అక్కడివాళ్ళే చెప్తారు. 'నాకు ఉంచండి' అన్నవాళ్ళు డబ్బు వేస్తారు, పుస్తకం అందాక ఫోన్ చేసి మరీ మాట్లాడతారు. ఇక్కడ ఇబ్బందల్లా తపాలా ఖర్చే. పుస్తకాలకి తక్కువ ధర ఉండే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్‌ను 2024 డిసెంబరులో ఆపేశారు. ఆ తర్వాత కొన్ని నెలలు 100 రూపాయల పుస్తకానికి పార్సెల్ ఖర్చు చెప్పాలంటేనే మొహమాటంగా ఉండేది. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది: 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకి 100, పన్ను అదనం. రోడ్డు, రైలు మీద వెళ్తుంది కాబట్టి కాస్త ఆలస్యమవుతుంది, ట్రాకింగ్ ఉంటుంది. కౌంటర్‌లో జ్ఞాన్ పోస్ట్ అని పేరు పెట్టి అడగండి.

పెద్ద సైటువాళ్ళు ఇది చదివితే అడిగేది ఒక్కటే: నంబరు లేని పుస్తకానికి మా ఫొటోలు, మా నాలుగు వాక్యాలు పెట్టుకోనివ్వండి. అంతవరకు నా దగ్గరున్నవి గ్రూపుల్లోనే పెడతాను.