కోచింగ్ లేకుండా జపనీస్‌లో ఎన్‌3 దాకా: మూడున్నరేళ్ల తర్వాత నా సమీక్ష

ఉద్యోగం చేసుకుంటూ, ఎవరి దగ్గరా క్లాసులకి వెళ్లకుండా మూడున్నరేళ్లు జపనీస్ చదివాను. జేఎల్‌పీటీ అనే జపనీస్ ప్రావీణ్య పరీక్షలో (అన్నిటికన్నా తేలిక ఎన్‌5, కష్టం ఎన్‌1) ఎన్‌5 మొదటిసారికే వచ్చింది, ఎన్‌4 వదిలేసి నేరుగా ఎన్‌3 రాసి తప్పాను, రెండోసారి పాసయ్యాను. సొంతంగా చదివితే అవుతుందా అంటే అవుతుంది. కాకపోతే ఇందులో ఏడాది పైగా నేను దండగ చేసుకున్నదే.

దండగలో పెద్దది చేతిరాత. హిరగాన, కతకాన అనే రెండు లిపులు రాసి నేర్చుకోవడం మంచిదే, చెరో 46 అక్షరాలు (కతకానలో ఒకేలా కనిపించే షి, త్సు దగ్గర ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాను). కానీ కాంజీలు (చైనా నుంచి వచ్చిన, అర్థాన్ని సూచించే అక్షరాలు) కూడా అలాగే ఒక్కోటి యాభైసార్లు రాస్తూ నోట్సులు నింపేశాను. తీరా పరీక్షలో చేత్తో రాసేది లేదు, మాట్లాడేది లేదు, అంతా బిట్లే. పైగా కాంజీని విడిగా నేర్చుకుంటే చదవడం రాదు. పుట్టుక, బతుకు అనే అర్థాలున్న కాంజీ ఒకటుంది, ఒక్కో పదంలో ఒక్కోలా పలుకుతుంది: సెన్సెయ్‌లో సెయ్, ఇష్షోలో షో, ఇకిరులో ఇ, ఉమరెరులో ఉ, ఒక్కటే ఉంటే నామ. ఇవన్నీ వరసపెట్టి బట్టీపట్టి తెల్లారేసరికి మర్చిపోయేదాన్ని. పదాలుగా నేర్చుకున్నాకే నిలిచాయి.

దానికి ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ బాగా పనికొచ్చింది. ఆ పేరే జపనీస్ మాట, కంఠస్థం చేయడం అని. వచ్చిన కార్డుని ఆలస్యంగా, రానిదాన్ని తొందరగా మళ్లీ చూపిస్తుంది. ఉత్సాహం కొద్దీ రోజుకి 30 కొత్త కార్డులు పెట్టుకున్నాను, నెల తిరక్కుండానే రోజు రివిజన్ రెండొందల కార్డులు దాటింది, నాలుగు రోజులు జ్వరంతో పడుకుని లేస్తే కొండలా పేరుకుపోయి యాప్ తెరవాలంటేనే భయం. పదికి తగ్గించాక దారిలో పడింది.

వ్యాకరణం మాత్రం తెలుగువాళ్లకి కలిసొచ్చే విషయం, ఇది నాకెవరూ ముందు చెప్పలేదు. పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి మొదటి ఏడాదంతా జపనీస్ వాక్యాన్ని ఇంగ్లీషులోకి తిప్పుకుని, దాన్ని మళ్లీ తెలుగులో అర్థం చేసుకునేదాన్ని. ఒక రాత్రి 'యొన్దె మిరు' గురించి అర పేజీ వివరణ చదువుతుంటే తట్టింది. యొన్దె అంటే చదివి, మిరు అంటే చూడటం. చదివి చూడటం, అంతే కదా! 'ఇకు తొ ఇత్త' అంటే వెళ్తాను అని అన్నాడు, 'వతషి గ యొన్ద హొన్' అంటే నేను చదివిన పుస్తకం, మాటకి మాట అదే వరసలో. అందరూ భయపెట్టే క్రియల జంటలు కూడా అంతే, ఒరెరు, ఒరు అంటే విరుగు, విరుచు. ఆ రాత్రి నుంచి నోట్స్ తెలుగులోనే. అన్నీ ఇలా కుదరవు లెండి, వాక్యంలో విషయాన్ని, కర్తని చూపే వ, గ ప్రత్యయాల తేడాకి మన దగ్గర సరైన జత లేదు, అక్కడ నాది ఇప్పటికీ సగం ఊహే.

ఇక తప్పిన సంగతి. ఎన్‌3కి 180కి 95 వస్తే చాలు, నాకు 101 వచ్చాయి. అయినా ఫెయిల్! మూడు విభాగాల్లో ఒక్కోదాంట్లో 60కి 19 తప్పనిసరి, లిజనింగ్‌లో నాకు 17. ఆడియో ఒక్కసారే వస్తుంది. చివర్లో ఒక రకం ప్రశ్నలుంటాయి, కాగితం మీద ఏమీ ఉండదు, ఒక మాట వినిపించి వెంటనే మూడు జవాబులు వినిపిస్తారు. మొదటిదాన్ని తెలుగులోకి మార్చుకునేలోపు మూడోది అయిపోయేది, పోయినదాని గురించి ఆలోచిస్తూ తర్వాతిదీ పోగొట్టుకున్నాను. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి తెలియనిది ఏదో ఒకటి దిద్దేసి ముందుకెళ్లాలి, ఆ టెన్షన్‌లో అదీ చేయలేదు. తర్వాత ఆరు నెలలు రోజూ అరగంట పాత ఆడియో, ఒకే ముక్క పది పన్నెండుసార్లు, వినబడింది వినబడినట్టు పైకి అంటూ చేశాను. రెండోసారి లిజనింగ్‌లో 33.

సర్టిఫికెట్‌కి గడువు లేదు, సంతోషమే. కానీ మొన్న ఆఫీసు కాల్‌లో ఒక జపాన్ ఆయన 'వారాంతం ఎలా గడిచింది' అని మామూలుగా అడిగితే ప్రశ్న మొత్తం అర్థమైంది, నోట్లోంచి మాత్రం 'హాయ్' (జపనీస్‌లో అవును) తప్ప ఇంకో ముక్క రాలేదు. ఎన్‌2కి ఫీజు కట్టేముందు మాట్లాడే తోడు కోసం వెతుకుతున్నాను.