కాపియర్‌లో కాగితం పదేపదే ఇరుక్కుంటుంటే: సొంత మరమ్మతుపై కొన్నేళ్ల అనుభవంతో సమీక్ష

మా కార్యాలయంలోని కాపియర్‌లో కాగితం ఇరుక్కుంటే పిలుపు నాకే వస్తుంది. కొన్నేళ్లుగా దాని మరమ్మతు నేనే చూసుకుంటున్నాను. ఏ పని ఫలితమిచ్చిందో, ఏది శ్రమ తప్ప మరేమీ ఇవ్వలేదో ఇక్కడ రాస్తున్నాను. తీర్పు ముందే చెప్పేస్తాను: రోలర్లు మార్చడం సొంతంగా చేసుకోదగిన పని. వాటిని తుడిచి నెట్టుకురావడం కొన్నాళ్ల ముచ్చట. సిరా పొడిని వేడితో కాగితానికి అతికించే ఫ్యూజర్ జోలికి మాత్రం నేను పోను. మీ యంత్రం అద్దెదైనా, సర్వీసు ఒప్పందం నడుస్తున్నా ఈ తిప్పలేవీ పడక్కర్లేదు, వాళ్లనే పిలవండి.

తెర మీద హెచ్చరిక కనిపించగానే చాలామంది తలుపు తెరిచి, చేతికందిన కొసను పట్టుకుని లాగేస్తారు. సాక్ష్యం అంతా అక్కడితో పోతుంది. కాగితం ముందు అంచు ఎక్కడిదాకా వచ్చి ఆగిందన్నదే అసలు ఆధారం. కాపియర్ లోపల కాగితం నడిచే దారి పొడవునా సెన్సర్లు ఉంటాయి. ఒక సెన్సర్ నుంచి తర్వాతి దానికి కాగితం ఇంత సమయంలో చేరాలని యంత్రానికి ఒక లెక్క ఉంటుంది. ఆ గడువు దాటితే కాగితం ఎక్కడా ఇరుక్కోకపోయినా ఇరుక్కున్నట్టే లెక్కగట్టి అన్నీ ఆపేస్తుంది. నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం ఈ ఆలస్యం బాపతే. తలుపు తీస్తే కాగితం నలగకుండా, ముడత లేకుండా దారిలో పడి ఉంటుంది. అలా ఉందంటే నా చూపు ముందు రోలర్ల మీదికే పోతుంది.

ట్రే దగ్గర సాధారణంగా మూడు రోలర్లుంటాయి. పికప్ రోలరు కట్ట మీది కాగితాన్ని కదిలిస్తుంది. ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి ఆనుకుని పైన ఫీడ్ రోలరు, కింద సెపరేషన్ రోలరు ఉంటాయి. ఈ జంట పనితీరు తెలిశాక నాకు యంత్రం మీద కోపం సగం తగ్గింది. పై రోలరు కాగితాన్ని ముందుకు తోస్తుంది. కింది రోలరు వెనక్కి తిరగాలని చూస్తుంది. అయితే దాని ఇరుసుకు ఒక పరిమితి పెట్టి ఉంటుంది: అంతకు మించిన బలం తగిలితే పట్టు వదిలి పై రోలరుతో పాటే తిరుగుతుంది. మధ్యలో ఒకే కాగితం ఉంటే పై రోలరు బలం కాగితం మీదుగా కిందిదానికి చేరుతుంది, రెండూ కలిసి కాగితాన్ని ముందుకు పంపుతాయి. రెండు కాగితాలు వస్తే వాటి మధ్య జారుడు ఎక్కువ కాబట్టి ఆ బలం కిందికి చేరదు. అప్పుడు కింది రోలరు తన దారిన వెనక్కి తిరిగి రెండోదాన్ని ట్రేలోకి నెట్టేస్తుంది. రబ్బరు అరిగితే ఈ ఏర్పాటంతా చెడుతుంది. పికప్ లేదా ఫీడ్ రోలరు అరిగితే కాగితం కదలదు, లేదా ఆలస్యంగా చేరుతుంది. సెపరేషన్ రోలరు అరిగితే రెండు మూడు కలిసి వచ్చేస్తాయి. కొన్ని చిన్న యంత్రాల్లో ఈ రోలరు బదులు రబ్బరు ముక్క మాత్రమే ఉంటుంది, అదీ అరుగుతుంది.

అరిగిన రోలరును వేలితో గుర్తుపట్టవచ్చు. కొత్తది కాస్త జిగురుగా, గరుకుగా తగులుతుంది. పాతది నున్నగా మెరుస్తుంది, గీతలన్నీ చెరిగిపోయి ఉంటాయి. పైన తెల్లటి పొడి కూడా పేరుకుంటుంది. కాగితం తయారీలో కలిపే కాల్షియం కార్బొనేట్ వంటి పదార్థాలూ కాగితపు నూగూ కలిసిన పొడి అది. నూలు రాలని బట్టను నీళ్లలో తడిపి గట్టిగా పిండి తుడిస్తే పొడి పోయి పట్టు తిరిగి వస్తుంది. పొడి మొండికేస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాలు కొద్దిగా వాడతాను. అదే పనిగా వాడితే కొన్ని రకాల రబ్బరు ఎండి గట్టిపడుతుంది. ఒకసారి తుడిచాక కొన్ని నెలలు సాఫీగా నడిచేది. తర్వాత తుడుపుకూ తుడుపుకూ మధ్య ఎడం తగ్గుతూ వచ్చింది. ఆ దశలో ఇక తుడవడం దండగ.

మార్చేటప్పుడు మూడింటినీ ఒకేసారి మార్చాలి. ఒక్కటే మారిస్తే కొత్తదాని పట్టుకు పాతవి తూగవు. చాలా యంత్రాల్లో ఇవి చిన్న ప్లాస్టిక్ క్లిప్పుతోనే ఇరుసు మీద నిలుస్తాయి, స్క్రూడ్రైవర్ అవసరమే రాదు. జాగ్రత్త పడాల్సింది ఒక్కచోట: కొన్ని రోలర్ల లోపల ఒకే దిశలో తిరిగే క్లచ్ ఉంటుంది. పాతదాన్ని తీసే ముందే వేలితో తిప్పి ఏ వైపు తేలికగా తిరుగుతోందో, ఏ వైపు పట్టేస్తోందో చూసుకోవాలి. ఫోనుతో ఒక ఫొటో తీసి పెట్టుకోవడం ఇంకా మేలు. వేరే కంపెనీలు తయారుచేసిన చవక రోలర్లూ వాడి చూశాను. పికప్ రోలరు విషయంలో పెద్దగా తేడా కనిపించలేదు. సెపరేషన్ రోలరు మాత్రం త్వరగా నున్నబడింది, ఇప్పుడు దాన్ని అసలుదే తెప్పిస్తున్నాను.

లోపల కాగితమే లేకపోయినా ఇరుక్కుందని యంత్రం మొండిగా వాదించే సందర్భాలు ఉంటాయి. కాగితపు దారిలో చిటికెన వేలి గోరంత నల్లటి ప్లాస్టిక్ మీటలు కనిపిస్తాయి. కాగితం వచ్చి తగిలినప్పుడు వంగి, వెళ్లాక స్ప్రింగు బలంతో లేవాలి. చిరిగిన ముక్క ఏదైనా దాని కింద చేరితే మీట లేవదు, కాగితం ఇంకా అక్కడే ఉందని సెన్సర్ అనుకుంటుంది. అందుకే చిరిగిన కాగితాన్ని బయటికి తీశాక ముక్కలన్నీ బల్ల మీద పేర్చి, నిండు కాగితం అయిందో లేదో చూస్తాను. ఒక మూల తక్కువైతే అది లోపలే ఉన్నట్టు. లాగేటప్పుడు కూడా కాగితం నడిచే దిశలోనే, రెండు చేతులతో, నెమ్మదిగా లాగాలి.

కాగితం విసనకర్రలా మడతలు పడి వచ్చిందంటే కట్ట చెమ్మగిల్లిందేమో చూడాలి. అయిదు వందల కాగితాల కట్టను విప్పి సగం వాడి, మిగతాది బీరువా పైన వదిలేసే అలవాటు మా కార్యాలయంలో ఎంత చెప్పినా పోలేదు. ఆ పొట్లం కాగితం తేమను ఆపడానికే ఉంది, అలంకారానికి కాదు. ట్రేలో గరిష్ఠ మట్టం గీత దాటి నింపడం, పక్కనుండే గైడ్లను కట్టకు ఆనించకుండా వదిలేయడం కూడా ఇలాంటివే. గైడ్లు వదులైతే కాగితం ఏటవాలుగా బయలుదేరుతుంది.

ఫ్యూజర్ దగ్గర వేడి 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. 1959లో వచ్చిన జిరాక్స్ 914లో ఇరుక్కున్న కాగితం వేడికి అంటుకునే ప్రమాదం ఉండి, దానితో పాటు చిన్న మంటలార్పే పరికరం కూడా ఇచ్చేవారట. ఇప్పటి యంత్రాలు అంత ప్రమాదకరం కాదు, అయినా చర్మం కాలడానికి ఆ వేడి చాలు. పైకి కనిపించే కాగితాన్ని, అదీ ప్లగ్గు తీసి చల్లారనిచ్చాక తీస్తాను. అక్కడ కాగితాన్ని ఒలిచే సన్నటి వేళ్లలాంటి భాగాలు వంగినా, అరిగినా మెకానిక్ చేతికే అప్పగిస్తాను. టోనర్, అంటే ఆ సిరా పొడి, బట్టల మీద పడితే దులిపి చన్నీళ్లతోనే కడగాలి, వేడినీళ్లకు అది కరిగి అంటుకుంటుంది. కాగితం మీదికి అచ్చును చేర్చే డ్రమ్‌ను బయటికి తీయాల్సి వస్తే వెలుతురు తగలకుండా మందపాటి నల్ల బట్ట కప్పాలి.

ఇన్ని చేసినా నాకు లొంగనిది ఒకటుంది, రెండు వైపులా ముద్రణ. మొదటిసారి ఫ్యూజర్ వేడి తగిలి అంచులు వంకర తిరిగిన కాగితం రెండోసారి తిరిగి వచ్చేటప్పుడు మలుపులో తట్టుకుంటుంది. ట్రేలో కట్టను తిరగేసి పెడతాను. చాలాసార్లు పనిచేస్తుంది, గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో పనిచేయదు. అప్పుడు ఒక వైపే ముద్రించుకోమని కాపియర్ మీద చీటీ అంటిస్తున్నాను.