చెవిడొప్పలున్న ఫెర్న్‌లు: ఈ కార్డుల పెట్టెకు అయిదులో మూడు చుక్కలు

ముందే చెప్పేస్తాను, ఫెర్న్‌లను (పూలూ విత్తనాలూ లేని ఆకుమొక్కలను) చూడటం నేర్పే ఈ కార్డుల పెట్టెను నేను తిరిగి పంపలేదు, పంపను కూడా. కానీ కొనబోయేవాళ్లకు ఒక సంగతి తెలియాలి. 9వ కార్డు మీద ఇలా ఉంది: "ఈ ఫెర్న్ చెవిడొప్పల అంచులు రంపపు పళ్లలా ఉంటాయి." మొక్కకు చెవిడొప్పలేమిటి? కార్డును అటూ ఇటూ తిప్పాను. బొమ్మలో చెవి లాంటిదేమీ కనిపించలేదు. కాసేపటికి వెలిగింది. ఫెర్న్ ఆకు నడికాడకు రెండు వైపులా వరసగా ఉండే రెబ్బను పిన్నా అంటారు. మన తలకు బయట కనిపించే చెవి భాగాన్ని కూడా డాక్టర్లు పిన్నా అనే అంటారు. అనువాదం చేసినవాళ్లకు, లేదా చేసిన మిషన్‌కు, రెండోదే తెలుసన్నమాట.

నేను ఈ పెట్టె ఎందుకు కొన్నానో చెప్తేనే మిగతాది అర్థమవుతుంది. ఆకులు ఒత్తి, అద్దం కింద పెట్టి ఫ్రేములు కట్టడం నా పని. ఎక్కువగా ఫెర్న్‌లే, ఎందుకంటే అవి ఎండినా ఆకారం చెడదు. ప్రతి ఫ్రేము కిందా చిన్న చీటీ అంటిస్తాను. మొక్క పేరు, ఒక వాక్యం వివరణ, అంతే. అడియాంటమ్ అనే ఫెర్న్ ఉన్న ఫ్రేము ఒకటి కొన్న పెద్దాయన వారం తర్వాత ఫోన్ చేశారు. బోటనీ చెప్పి రిటైరైన మాస్టారట.

"ఫ్రేము చాలా బాగుందమ్మా. చీటీలో 'విసనకర్ర ఆకారపు పిన్నాలు' అని రాశారు. అవి పిన్నాలు కావు, పిన్యూల్స్."

"రెండూ ఒకటే కదా మాస్టారూ, పెద్దవైతే పిన్నా, చిన్నవైతే పిన్యూల్?"

"కాదమ్మా. చిన్నా పెద్దా లెక్క లేదు. ఎక్కణ్ణుంచి పుట్టిందనేదే లెక్క."

ఫోన్ పెట్టేశాక అప్పటిదాకా అమ్మిన ఫ్రేములన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఎన్ని చీటీల మీద ఎన్ని తప్పులు పోయాయో అని ఒకటే టెన్షన్. ఆ రాత్రే ఈ పెట్టెకు ఆర్డర్ పెట్టాను. 52 కార్డులు, ఒక ఇనుప రింగు, పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం, ఒక స్కేలు. మొదటి నాలుగు కార్డులూ మాటల అర్థాలకు, మిగతావన్నీ ఒక్కో మొక్కకు.

ఆ నాలుగింటిలో 2వ కార్డు ఒక్కటి చాలు, పెట్టెకు పెట్టిన డబ్బు వచ్చేసినట్టే. ఒకే ఆకు బొమ్మను అయిదుసార్లు వేశారు. మొదటి బొమ్మలో ఆకు నిండుగా ఉంది, ఎక్కడా చీలిక లేదు. పక్షిగూడు ఫెర్న్ ఆకు ఇలాగే ఉంటుంది. రెండో బొమ్మలో అంచు నుంచి లోపలికి చీలికలు పడ్డాయి కానీ నడికాడను తాకలేదు, రెండు చీలికల మధ్య సన్నటి ఆకుపచ్చ పట్టీ మిగిలింది. దీన్ని పిన్నాటిఫిడ్ అంటారు. ఇక్కడున్నవి ఇంకా తమ్మెలే, పిన్నాలు కాలేదు. (తమ్మె కూడా చెవి మాటే కదా! మొక్కల శాస్త్రానికీ చెవికీ ఏదో పాత చుట్టరికం ఉన్నట్టుంది.) మూడో బొమ్మలో చీలిక నడికాడ దాకా పోయింది. ఇప్పుడు ప్రతి ముక్కా ఒక పిన్నా, ఆకు మొత్తం పిన్నేట్. నాలుగోదానిలో ఆ పిన్నా మళ్లీ తన సొంత ఈనె దాకా చీలింది. ఆ రెండో వరస ముక్కలే పిన్యూల్స్, ఆకు బైపిన్నేట్. అయిదో బొమ్మలో పిన్యూల్ కూడా చీలింది, అది ట్రైపిన్నేట్.

బొమ్మల మీద ఒక్క అక్షరం లేకపోయినా అర్థమయ్యేలా ఉంది. కాడ దగ్గర వేలు పెట్టి నడికాడ వెంట పైకి పోవాలి. పక్కకు చీలిన మొదటి చోట తిరగాలి. ఆ చీలికా, దాని మీద ఉన్న సమస్తమూ కలిపి ఒక పిన్నా. అది ఎంత ఉన్నా సరే. బోస్టన్ ఫెర్న్ పిన్నా బొటనవేలంత ఉంటుంది. బ్రాకెన్ అనే అడవి ఫెర్న్‌లో అడుగున ఉండే పిన్నా జానెడు దాటి ఉంటుంది, దాని మీద మళ్లీ పిన్యూల్స్, వాటి మీద మళ్లీ ముక్కలు. చూస్తే అదే ఒక పూర్తి ఆకు అనిపిస్తుంది. పేరు మాత్రం పిన్నానే. నేను చేసిన తప్పు అదే: చివరి నుంచి వెనక్కి లెక్కపెట్టాను. కంటికి ముందు కనిపించిన చిన్న ముక్కను పట్టుకుని పిన్నా అనేశాను.

తెలుగువాళ్లం ఈ తప్పు చెయ్యడానికి మన భాష కూడా కొంత కారణం అంటాను. పిన్న అంటే చిన్న. పిన్నా పెద్దా అని రోజూ అంటూనే ఉంటాం. ఆ మాట చెవిన పడగానే మనసు చిన్న ముక్క వైపే పోతుంది. నిజానికి ఈ పిన్నా లాటిన్ మాట, ఈక అనీ రెక్క అనీ అర్థం. ఫెర్న్ ఆకును పక్షి ఈక పక్కన పెట్టి చూడండి, పేరు ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పనక్కర్లేదు. మన పాఠ్యపుస్తకాల్లో పిన్నేట్ ఆకును పిచ్ఛాకార పత్రం అన్నారు. పిచ్ఛం అంటే నెమలి ఈక. ఆ పేరు పెట్టినవాళ్లకు దండం పెట్టాలి. ఇక బహువచనం సంగతి మరీ తమాషా. ఇంగ్లిషువాళ్లు ఒకటైతే పిన్నా అంటారు, ఎక్కువైతే పిన్నీ అంటారు. నేను కార్డు పట్టుకుని "పిన్నీ ఎన్ని జతలు, పిన్నీ ఎదురెదురా, ఒకటి తప్పించి ఒకటా" అని పైకి చదువుకుంటుంటే మా అక్క కూతురు వచ్చి, "పిన్నివి నువ్వే కదా, మళ్లీ ఎవర్ని పిలుస్తున్నావు?" అంది.

ఇంత మంచి 2వ కార్డు గీసినవాళ్లు మిగతా కార్డులను ఎవరి చేతికి వదిలేశారో తెలియదు. పిన్నాకు ఒక కార్డులో రెబ్బ అన్నారు, ఇంకో కార్డులో పత్రకం, 17వ దానిలో ఈక, కనీసం ఆరు చోట్ల చెవిడొప్ప. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇవి నాలుగు వేర్వేరు భాగాలనుకోరూ? మొత్తం ఆకును, ఇంగ్లిషులో ఫ్రాండ్ అనేదాన్ని, ఒకచోట కొమ్మ అని కూడా రాశారు. కొమ్మ ఎలా అవుతుంది? చుట్టలా మునగదీసుకున్న లేత మొగ్గ ఒకటి విచ్చుకుంటే వచ్చేదంతా కలిపి ఒక్క ఆకు. వేపలోనూ మనం ఇలాగే పొరబడతాం. చేతిలోకి తీసుకున్న ఒక్క వేపాకు నిజానికి పత్రకం, దాన్ని తుంచిన పుల్లంతా కలిస్తే ఒక ఆకు. ఫ్రాండ్‌కు మనకు మట్ట అనే మాట ఉండనే ఉంది. కొబ్బరి మట్ట, ఈత మట్ట అంటాం కదా. అవి కూడా నడికాడా, రెండు వైపులా రెబ్బలూ ఉన్న ఆకులే. ఆ రెబ్బలను కూడా శాస్త్రంలో పిన్నాలనే అంటారు. నన్నడిగితే మట్ట, రెబ్బ, చిరురెబ్బ అని మూడు మాటలు పెట్టుకుని 52 కార్డుల్లోనూ అవే వాడి ఉంటే సరిపోయేది.

మాటల పొరపాటునైనా నవ్వి ఊరుకోవచ్చు. 38వ కార్డు సంగతి అలా కాదు. అది డవాలియా, కుందేలు పాదం లాంటి నూగు దుంపకాడ బయటికి పాకే ఫెర్న్. ఆకు మూడు నాలుగు సార్లు చీలి ఉంటుంది, లేసు అల్లినట్టు. ఆ బొమ్మలో పిన్నా అని రాసి బాణం గీసి, బాణం మొనను అన్నిటికంటే చివర ఉన్న గోరంత ముక్కకు తగిలించారు. సరిగ్గా నేను చేసిన తప్పే! 2వ కార్డు ఒకటి చెప్తుంటే 38వ కార్డు ఇంకొకటి చూపిస్తోంది. నాకు మాస్టారు ఫోన్ చేసి చెప్పారు కాబట్టి పట్టుకున్నాను. లేకపోతే అదే నమ్మి చీటీ రాసేదాన్ని. ఒక చుక్క ఇక్కడే పోయింది.

బోస్టన్ ఫెర్న్ కార్డు మాత్రం పెంచినవాళ్లు రాసినట్టుంది. ఈ మొక్క ఇంట్లో ఉన్నవాళ్లకు తెలుసు, కింద నేలంతా ఎండు రెబ్బలు రాలుతూ ఉంటాయి, కుండీలో బోడి పుల్లలు మిగులుతాయి. కారణం కార్డులో ఉంది: నడికాడకూ పిన్నాకూ మధ్య కీలులాంటి అతుకు ఉంటుంది, ముదిరినా, ఎండినా పిన్నా అక్కడే ఊడుతుంది. మట్ట మొత్తం ఒక్కసారి రాలదు, రెబ్బ తర్వాత రెబ్బ రాలుతుంది. పుస్తకాల మధ్య ఒత్తినప్పుడు ఈ ఒక్క మొక్క నన్ను ఎందుకు ఏడిపిస్తుందో అప్పుడు తెలిసింది. కాగితం ఎత్తితే నడికాడ ఒకచోట, రెబ్బలన్నీ ఇంకోచోట ఉంటాయి. ఒక్కోదాన్నీ చిమటాతో పట్టి జిగురు పెట్టి మళ్లీ వరసలో అంటించాలి. ఇదే జాతిలో రెబ్బలు మళ్లీ చీలి కుచ్చులుగా ఉండే తోట రకాలున్నాయని కూడా రాశారు. అందుకే పేరు ఒకటే అయినా కొన్ని కుండీల్లో ఆకు పిన్నేట్‌గా, కొన్నింటిలో బైపిన్నేట్‌గా కనిపిస్తుంది. నేను అవి వేరే మొక్కలనుకున్నాను ఇన్నాళ్లూ.

భూతద్దం నేననుకున్నదానికంటే నయం. పిన్నా వెనక్కి తిప్పి చూస్తే అసలు సరదా అక్కడుంది. బోస్టన్ ఫెర్న్‌లో సిద్ధబీజాల (విత్తనాలకు బదులు ఫెర్న్‌లకు ఉండే పొడిలాంటి కణాల) తిత్తుల గుంపులు అంచు దగ్గరగా వరసలో చుక్కలుగా కనిపిస్తాయి, ఒక్కో చుక్క మీద మూత్రపిండం ఆకారపు పల్చటి మూత. ఆ మొక్క శాస్త్రీయ నామం నెఫ్రోలెపిస్‌లో నెఫ్రో అంటే అదే, గ్రీకులో మూత్రపిండం. టెరిస్ అనే ఫెర్న్‌లో చుక్కలుండవు, రెబ్బ అంచు వెంట ఒకటే గీత, దాని మీదికి అంచే మడతపడి కప్పుతుంది. అడియాంటమ్‌లోనూ మడతపడిన అంచే మూత, కాకపోతే ముక్కలు ముక్కలుగా. ఈ మూడూ కార్డుల్లో సరిగ్గా ఉన్నాయి, నేను మొక్క పక్కన పెట్టుకుని పోల్చి చూశాను. అప్పటినుంచి ప్రతి ఫ్రేములోనూ ఒక్క పిన్నానైనా వెనక్కి తిప్పి అంటిస్తున్నాను, చూసేవాళ్లకు రెండు వైపులూ కనిపించాలని.

ఇనుప రింగు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, గోరు విరిగింది. దారం కట్టుకోండి. ప్లాస్టిక్ పూత బాగుంది, తడి చేత్తో పట్టుకున్నా ఏమీ కాలేదు. అక్షరాలు మరీ చిన్నవి. లేత ఆకుపచ్చ మీద ముదురాకుపచ్చతో అచ్చు వేశారు, దీపం కింద చదవడం కష్టం. భూతద్దం ఈ కార్డుల అక్షరాలకే ఎక్కువ పనికొచ్చిందంటే నమ్మండి. ప్రపంచంలో 10,000కు పైగా ఫెర్న్ జాతులున్నాయి, 52 కార్డుల్లో అన్నీ దొరకవు, ఆ మాట మీద ఎవరూ చుక్కలు తగ్గించకండి. ఇది మొక్క పేరు చెప్పే పెట్టె కాదు, మొక్కను చూడటం నేర్పే పెట్టె. పేరు ఒక్కటే కావాలనుకునేవాళ్లు కొనకండి.

తప్పులన్నీ జాబితా రాసి అమ్మినవాళ్లకు పంపాను. తర్వాతి అచ్చులో సరిచేస్తామని రెండు ముక్కల జవాబు వచ్చింది. 38వ కార్డు గురించి మాత్రం ఏమీ అనలేదు, అందుకే మళ్లీ రాశాను. మాస్టారికి కొత్త చీటీ పంపించాను: "విసనకర్ర ఆకారపు పిన్యూల్స్, నల్లటి నున్నని కాడ, నీళ్లు పోసినా తడవని ఆకు." అడియాంటమ్ అంటే గ్రీకులో తడవనిది అనే అర్థమట, 4వ కార్డులో ఉంది.

నా పెట్టెలో చెవిడొప్ప అని ఉన్న ప్రతిచోటా పెన్నుతో కొట్టేసి రెబ్బ అని రాసుకున్నాను. 31వ కార్డును మాత్రం ముట్టుకోలేదు. అది పాలిస్టికమ్ అనే ఫెర్న్, రెబ్బ మొదట్లో పైవైపున నిజంగానే చిన్న చెవిలాంటి భాగం పొడుచుకుని ఉంటుంది. వాళ్లు రాసింది ఇదీ: "ప్రతి చెవిడొప్పకూ మొదట్లో ఒక చిన్న చెవి ఉంటుంది, గమనించండి."